కొండ వెనుక నేమున్నది?

మన పట్టణములలో వీధికొక ఇంటర్నెట్ సెంటరు వెలసిన దినములలో, అనగా ఇప్పటికి సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట, ఆ ఇరుకు గదులలో గంటకింతయని రుసుము చెల్లించి కూర్చుండిన పిల్లలు మిక్కిలి మక్కువతో ఆడిన ఆటలలో ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో: వైస్ సిటీ’ యనునది యొకటి. 2002లో వెలువడిన ఈ యాటలో నాయకుడొక నేరగాడు. వానికి పనులు పురమాయించు పెద్దలు వేఱు నేరగాండ్రు. ఒక పని ముగిసిన పిదప మఱియొక పని, దాని పిదప వేఱొక పని, ఇట్లు కథ నడచును. కాని ఆ గదులలో ఆడిన పిల్లలలో అనేకులు ఆ కథను ఎన్నడును ముగించియుండరు. వారికి దానితో పనిలేదు. ఎవనిదో మోటారుసైకిలు లాగికొని సముద్రతీరపు చెట్లవరుసల వెంట సాయంకాలపు ఎఱ్ఱని వెలుగులో ఊరక పోవుట, తుపాను హెచ్చరికయను నెపమున మూసియుంచిన వంతెనయొద్ద అవతలి దీవి నెట్లు చేరుదుమా యని తచ్చాడుట, మేడలపైకెక్కి ప్రక్కమేడ మీదికి దూకుట, ఇవి వారి కార్యములు. గడియారము చూచుకొనుచు, జేబులోని రూపాయలు లెక్కపెట్టుకొనుచు ఆడు బాలురు, తమకు జయము గాని పేరు గాని తెచ్చిపెట్టని ఈ సంచారమునకే ఆ గంటను ధారవోసిరనుట గమనింపదగిన విషయము. ఈ వ్యాసమున విచారింపబోవునది వారి ఆ ప్రవృత్తినే.

ఇట్టి ఆటలకు ఓపెన్ వరల్డ్ గేములని పేరు. పూర్వపు ఆటలలో పెక్కింటికి దారి యొక్కటే. ఎడమనుండి కుడికి పఱుగిడి, గోతులు దాటి, ఎదురైన పురుగును త్రొక్కి, కట్టకడపట జెండా నందుకొనినచో ఒక ఘట్టము ముగియును. ఓపెన్ వరల్డ్ గేములో నన్ననో, ఒక నగరమో, దీవియో, రాజ్యమో, ఒక్కొక్కప్పుడు నక్షత్రమండలమో ఆటగాని ముందఱ పఱచియుండును. ఎటు పోవలెనో, ఏది ముందుగా చూడవలెనో, దేనిని చూడకయే విడువవలెనో నిర్ణయించుకొను భారము వానిదే. కథ యుండును, కాని కథ వానికొఱకు వేచియుండును. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’ అను ఆటలో లోకమునే మ్రింగుటకు ఒక డ్రాగన్ మేల్కొనియుండగా, దానిని వధింపవలసిన వీరుడు ఏటియొడ్డున సీతాకోకచిలుకలు పట్టుకొనుచు మాసములు గడిపినను ఆ డ్రాగన్ ఓర్పుతో నిరీక్షించును. కథాశిల్పము తెలిసినవారు దీనిని చూచి నవ్వుదురు, నవ్వదగినదే. అయినను లక్షలకొలది జనులు వీరధర్మమును ప్రక్కకు నెట్టి సీతాకోకచిలుకల వెంట పోయిరనిన, వారిని లాగిన ఆకర్షణము సామాన్యమైనది కాదని యొప్పుకొనక తప్పదు.

సంచారమునకు ఫలము చూపిన తొలి ఆటలలో నొకదాని చరిత్ర కొంత సావకాశముగా చెప్పదగినది. అమెరికాలోని అటారి కంపెనీలో వారెన్ రాబినెట్ అను యువకుడు ‘అడ్వెంచర్’ అను ఆటను రచించెను. ఆ కాలమున ఆ కంపెనీ ఆటలను రచించినవారి పేరును పెట్టెమీద గాని తెరమీద గాని వేయుట లేదు. దీనికి కినిసిన రాబినెట్, పై అధికారులకు తెలియనీయక, ఆటలో నొక రహస్యపు గదిని నిర్మించెను. ఆ గదిని చేరుట సులభము కాదు. నల్లకోట లోపలి చిక్కుదారులలో, వంతెన యను వస్తువు చేతనున్నగాని చొరరాని యొక మూసిన భాగమున, నేలరంగునందే కలసిపోయి కంటికి కనబడని యొక చుక్క కలదు. తెరమీద వేయగలిగినంత చిన్న చుక్క. తడవి తడవి దానిని పట్టుకొని, మోసికొని పోయి, బంగారుకోటకు దిగువనున్న యొక గోడయొద్దకు మఱికొన్ని వస్తువులతో పాటు చేర్చినచో, అంతవఱకు అడ్డుగా నిలిచిన గోడ దారి యిచ్చును. లోపల నిధి లేదు, ఖడ్గము లేదు. రంగులు మాఱుచు మెఱయు అక్షరములలో నిలువుగా వ్రాసిన కర్త పేరు మాత్రమున్నది. రాబినెట్ కొలువు విడిచిపోయిన తరువాత ఒక బాలుడు దీనిని కనుగొని కంపెనీకి జాబు వ్రాసెను. ఆటను మార్చి మఱల అచ్చువేయుట వ్యయముతో గూడిన పని యగుటచే కంపెనీవారు దానిని అట్లే యుండనిచ్చిరి. అంతేకాక, ఇకమీదట ఇట్టివి ఉండుటయే మేలని తలచిరి. ఈస్టరు పండుగనాడు పాశ్చాత్యులు పిల్లల వేడుకకై తోటలో గ్రుడ్లు దాచియుంచు ఆచారమును బట్టి ఇట్టి రహస్యములకు ఈస్టర్ ఎగ్ అను పేరు వాడుకలోనికి వచ్చెను. వైస్ సిటీలో మేడలు దూకిన మన పిల్లలలో ఒకానొకడు టెలివిజన్ కంపెనీ భవనపు కిటికీలోనికి దూకి అక్కడ పీఠముపై నిలిపిన చాక్లెట్ గ్రుడ్డును చూచియుండినచో, వాడు చూచినది రాబినెట్ సంప్రదాయమునకు చెందిన వారసత్వపు వస్తువే.

ఆ జాబు వ్రాసిన బాలునికి ఏమి దక్కెను? వస్తువిచారము చేసినచో ఏమియు లేదు. కాని ఎవ్వరును చూడని చోట తాను చూచితిననియు, అక్కడ తనకు ముందే ఒక మనుష్యుడు నిలిచి, ఎప్పటికైన ఒకడు రాకపోడా యని దానిని అమర్చి పోయెననియు వానికి తెలిసెను. వట్టి యంత్రమనుకొన్న దానిలో మఱియొక మనస్సు తగిలినట్లుండును. అడవిలో దారి తప్పినవానికి రాతిమీద చెక్కిన అక్షరము కనబడిన యెడల కలుగు సంతోషమిట్టిదే గదా.

1986లో జపాను దేశపు నింటెండో కంపెనీ వెలువరించిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా’ ఈ సంతోషమును మూలసూత్రముగా గైకొనెను. దాని రూపకర్తలలో ముఖ్యుడగు షిగెరు మియమోతో 1952లో జన్మించినవాడు. కియోటోకు సమీపమునగల సొనొబె ప్రాంతమున, టెలివిజను లేని యింట, కొండలలోను పొలములలోను తిరుగుచు పెరిగినవాడు. ఒకనాడు కొండలో నొక గుహ కనబడగా, మొదట వెఱచి వెనుదిరిగి, పిదప లాంతరు చేతబట్టుకొని లోనికి పోయితినని ఆయన పలుమార్లు చెప్పియున్నాడు. జెల్డా ఆట ఆరంభమగుటయే అట్లు ఆరంభమగును. తెరమీద నొక చిన్న మైదానము, మూడువైపుల దారులు, ఒక మూల రాతిలో నల్లని రంధ్రము. ఇటు పొమ్మని చెప్పు బాణపు గుఱుతు లేదు, ఆజ్ఞ లేదు. ఆ రంధ్రములోనికి పోయినవానికి లోపల నొక వృద్ధుడు ఖడ్గమిచ్చును. పోనివాడు ఖడ్గము లేకయే అడవుల పాలగును. పొదను కాల్చినచో మెట్లు కనబడునేమో, ఈ బండను పేల్చినచో ద్వారము తెఱచుకొనునేమో యని ప్రతి పొదను ప్రతి బండను అనుమానించుట అప్పటి పిల్లలు ఆ యాటలో నేర్చిన విద్య.

తెలుగు పాఠకునికి ఈ రుచి క్రొత్తది కాదు. మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడను యతి వెంట కాశికి బయలుదేరిన గొల్లపిల్లవాడు ప్రతి మజిలీయందును ఊరు చూచివచ్చుటకై పోవును. అక్కడ నేదో యొక వింత వాని కంటబడును. తిరిగివచ్చి దాని వృత్తాంతము చెప్పవలసినదని గురువును నిర్బంధించును. కాశికి చేరుట యతి ప్రయోజనము కావచ్చును; ఆ పిల్లవానికి మాత్రము వింతయే ప్రయోజనము. ఇందలి క్రమమును పరికింపవలెను. వింత ముందు, దానినుండి ప్రశ్న, ప్రశ్నకు సమాధానముగా కథ. మణిసిద్ధుడు పిల్లవాడు అడుగకముందే కథను విప్పియుండినచో ఆ గ్రంథమునకు అంత జవము ఉండియుండెడిది కాదు.

మనశ్శాస్త్రజ్ఞులును ఇంచుమించు ఈ మాటనే చెప్పుచున్నారు. జార్జ్ లోవెన్‌స్టైన్ అను అమెరికా పండితుడు 1994లో ప్రకటించిన వ్యాసమున, కుతూహలమనునది మనకు తెలిసినదానికిని తెలియగోరుదానికిని నడుమగల యెడమునుండి పుట్టునని ప్రతిపాదించెను. ఏమియు తెలియనివానికి కుతూహలము లేదు. అంతయు తెలిసినవానికిని లేదు. సగము చూచినవానికే నిద్రపట్టదు. అంతకు మునుపే, 1930లో, ఎడ్వర్డ్ టోల్మన్, చార్లెస్ హాన్‌జిక్ అనువారు ఎలుకలతో నొక పరీక్ష జరిపిరి. చిక్కుదారులలో ఆహారమేమియు పెట్టక పది దినములు ఎలుకలను విడిచిరి. అవి అటునిటు తిరిగినవి, ఏమియు నేర్చినట్లు కనబడలేదు. పదునొకండవ దినమున ఆహారము పెట్టగా, మొదటినుండియు ఆహారమునకై పఱుగెత్తిన ఎలుకలతో సమానముగా అవి శీఘ్రముగనే తప్పులు మాని దారి పట్టెను. ఊరక తిరిగిన దినములలోనే అవి ఆ దారుల పటమును మనస్సున గీసికొనియుండెనని టోల్మన్ నిర్ణయము. తిరుగుట కూలికొఱకు చేయు పని కాదనియు, ప్రాణికి సహజమైన వృత్తియనియు దీనివలన గ్రహింపవచ్చును. పిల్లవాడు పని మాని ఊరు తిరుగుచున్నాడని కోపించు తండ్రులు ఈ పరీక్షను నాకు వ్యతిరేకముగా ఉపయోగింపకుందురుగాక.

ఈ సహజవృత్తికి అనుగుణముగా ఒక లోకమును కట్టుట ఎంత సూక్ష్మమైన పనియో 2017లో నింటెండో వారు వెలువరించిన ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ చూచినచో తెలియును. హిదెమరొ ఫుజిబయషి దర్శకుడుగా, ఎయిజి అఓనుమ నిర్మాతగా తయారైన ఈ యాట ఆరంభమున, నూఱేండ్లు నిద్రించిన నాయకుడు గుహనుండి వెలువడి వెలుగులోనికి పరుగెత్తి యొక కొండకొమ్మున నిలుచును. అంతట ఎదుట రాజ్యమంతయు పఱచికొని కనబడును. దూరమున పొగలు క్రక్కు అగ్నిపర్వతము, నడుమ చీకటి చుట్టుకొనిన కోట, ఒకవైపున కత్తితో చీల్చినట్లు రెండుగా విడిన కొండ. ఇవి తెరవెనుక వ్రేలాడగట్టిన చిత్తరువులు కావు. కనబడిన ప్రతి శిఖరమునకును నడచి పోవచ్చును, ఎక్కవచ్చును. అయితే ఎక్కుటకు బలము పరిమితము. నాయకుని ప్రక్క నొక ఆకుపచ్చని చక్రము కనబడుచు, చేతులు పైకి వేసినకొలది తఱిగిపోవుచుండును. అది ఖాళీ యగులోపల నిలుచుటకు తగిన గట్టు దొరకవలెను, లేనిచో పతనమే. సగము కొండ యెక్కిన తరువాత వాన కురియుట ఆరంభించెనా, రాయి తడిసి అడుగు జాఱుచుండును. ఎక్కినవాడు ఏదో యొక చూరు క్రింద నిలిచి వాన వెలియువఱకు వేచియుండవలసినదే. ఇట్లు శ్రమించి యెక్కినవానికి శిఖరముపై దొరకునది ఒక్కొక్కప్పుడు ఒక చిన్న రాయి. దానిని లేవదీసినచో క్రిందనుండి ఆకుముఖము గల యొక బుడుత వనదేవత కిలకిలనవ్వి ఒక గింజనిచ్చును. గింజకన్న గొప్పది, శిఖరమునుండి అంతవఱకు కనబడని మఱియొక లోయ కనబడుట.

ఈ కనబడుట యాదృచ్ఛికము కాదు. ఆ నిర్మాతలు 2017లో జపానున జరిగిన ఆటల రూపకర్తల సదస్సున తమ రహస్యమును వివరించిరి. భూమిని వారు త్రిభుజములతో రచించిరి. త్రిభుజాకారమగు కొండ యెదురైనప్పుడు మనుష్యునికి రెండే దారులు: ఎక్కుటయో, చుట్టిపోవుటయో. ఎక్కినచో శిఖరము వెనుక నున్నది ఒక్కసారిగా కనబడును. చుట్టిపోయినచో అంచు వెంబడి కొంచెము కొంచెముగా బయటపడును. పెద్ద త్రిభుజములు దూరమునుండి దిక్కు తెలుపును. నడిమివి చూపునకు అడ్డుపడి వెనుకనున్నదానిని దాచును. చిన్నవి నడకకు తూగునిచ్చును. ఎంత దూరమునకు ఒక వింత యెదురుకావలెనను విషయమున వారికి తమ సొంత నగరమగు కియోటో పటము కొలబద్దగా ఉపకరించెను. ఆ నగరమున ఒక ప్రదేశమునుండి మఱియొక ప్రదేశమునకు నడచుటకు పట్టు కాలము వారికి అనుభవసిద్ధము గదా. ఆటగాడు తన యిచ్ఛచే తిరుగుచున్నాననుకొనును. వాని కన్ను ఎక్కడ నిలుచునో, ఎక్కడ విసుగు పుట్టునో ముందే ఎఱిగినవారు కొండలను ఒకచోటనుండి మఱియొక చోటికి జరిపి యుంచిరి.

ఇక ఫలము విషయము. ఇక్కడనే పెక్కు ఆటలు దారితప్పినవని నా యభిప్రాయము. 2007లో ఫ్రాన్సు దేశపు యూబిసాఫ్ట్ కంపెనీ వెలువరించిన ‘అసాసిన్స్ క్రీడ్’ నాటినుండి ఒక పద్ధతి బలపడినది: ఎత్తయిన గోపుర మెక్కినచో చుట్టునున్న ప్రాంతపు పటమంతయు తెఱచుకొనును; ఏ మూల పెట్టె యున్నదో, ఏ వీధిలో పనియున్నదో, ఏ గట్టుపై జెండా యున్నదో గుఱుతులు పొడుచుకొని వచ్చును. గోపుర మెక్కుట సొగసైన పనియే. యెరూషలేము, డమాస్కసు నగరముల మీద నుండి క్రింది గడ్డిబండిలోనికి దూకుటలోని పులకింతను నేను కాదనను. కాని గుఱుతులన్నియు పటమున నిండిన పిదప ఆటగాడు నగరమును చూచుట మాని పటమునే చూచును. విప్పు ముందు చెప్పి పొడుపుకథ వేసినట్లుండును. ఎన్ని జెండాలు మిగిలినవి, ఎన్ని పెట్టెలు మిగిలినవి యను లెక్క తప్ప, అవతల ఏమున్నదను ప్రశ్న పుట్టదు. 2015 నాటి ‘ది విచర్ 3’ కథారచనలో సాటిలేనిది. అట్టి దానిలోనే స్కెల్లిగె దీవుల చుట్టునున్న సముద్రమున ప్రశ్నార్థకపు గుఱుతులను చల్లి, పడవమీద ఒకదాని తరువాత నొకదానికి పోయి తేలుచున్న పెట్టెలు తెఱచు పని పెట్టిరి. ఆ పెట్టెలలో విలువగల వస్తువు లుండినను, పెక్కుమంది ఆటగాండ్రు ఆ సముద్రమును తలచుకొని నిట్టూర్చుటయే వినుచున్నాము. మొదట దొరకిన వస్తువు తరువాతి పెట్టెకు కారణము కాలేదు. కూలిగా మాత్రము ముట్టినది.

కూలికిని సమాధానమునకును గల ఈ భేదమును 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అను పండితులు శిశుపాఠశాలలో పరీక్షించిరి. బొమ్మలు వేయుట యందు సహజముగా ఇష్టముగల పసివారిలో కొందఱికి, బొమ్మ వేసినచో బంగారునక్షత్రము అతికించిన యోగ్యతాపత్ర మిత్తుమని ముందే చెప్పిరి; కొందఱికి ఏమియు చెప్పక, వేసిన పిదప హఠాత్తుగా ఇచ్చిరి; మఱికొందఱికి ఏమియు నీయలేదు. కొన్నాళ్లకు చూడగా, ముందే బహుమానమునకు ఆశపడినవారు తమంతట తాము బొమ్మలు వేయుట తగ్గించిరి. అనుకొనకుండ బహుమానము పొందినవారికిని, ఏమియు పొందనివారికిని ఇష్టము తఱుగలేదు. బహుమానము తప్పు కాదు. ముందుగా ప్రకటించుటయే ముప్పు. గోపురమెక్కినంతనే గుఱుతులు క్రుమ్మరించు ఆటలు ప్రకటించిన బహుమానపు ఆటలు. రాయి లేవదీసినవానికి గింజ నిచ్చు ఆట హఠాత్తుగా ఇచ్చునది.

ఆ గింజల సంగతి మఱికొంత చెప్పవలెను. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ లోకమున అట్టి గింజలు 900 దాచబడియున్నవి. వానితో ఆయుధములు మోయు సంచిని పెంచుకొనవచ్చును; సంచి పూర్తిగా పెరుగుటకు 441 చాలును. మిగిలినవి ఎందులకు? పట్టుదలగల వీరులు 900 గింజలను వెదకి తెచ్చి ఇయ్యగా, వారికి దక్కిన మహాబహుమానము పేడకుప్ప యాకారము గల యొక బంగారు వస్తువు. దానివలన ఉపయోగ మేమియు లేదు. కొందఱికి కోపము వచ్చినది. నాకు మాత్రము ఆ పరిహాసము మిక్కిలి న్యాయముగా తోచినది. 900 గింజలు దాచుట ఒక్కడు అన్నింటిని ప్రోగుచేయుట కొఱకు కాదు. ఏ మూలకు ఎవడు పోయినను వానికి ఏదో యొకటి దొరకుట కొఱకు. అన్నదానమునకు వచ్చినవాడు వండినదంతయు తానే తినవలెనని పూనుకొనినచో, వడ్డించువాడు నవ్వక యేమి చేయును?

లోకము ఎంత పెద్దదైన అంత మేలని తలచుట మఱియొక భ్రమ. 1984లో ఇంగ్లండున డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అను ఇద్దఱు విద్యార్థులు రచించిన ‘ఎలీట్’ అను ఆటలో ఎనిమిది నక్షత్రమండలములు, ఒక్కొక్కదానిలో 256 లోకములు ఉండెను. నేటి ఫోనులోని యొక్క ఛాయాచిత్రమునకును చాలని 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల యంత్రములో ఇన్ని లోకము లెట్లు పట్టెననిన, వానిని దాచలేదు; ఒక సంఖ్యను బీజముగా పెట్టి, గణితసూత్రముచే ఆ క్షణమునకు కావలసిన లోకమును పుట్టించిరి. అదే మార్గమున 2016లో హెలో గేమ్స్ అను చిన్న సంస్థ వెలువరించిన ‘నో మాన్స్ స్కై’లో గ్రహముల సంఖ్య రెండును అఱువదినాలుగు మారులు హెచ్చవేసినంత, మన లెక్కలో 1,84,000 కోట్ల కోట్లకు మించినది. జీవితమంతయు క్షణమునకొక గ్రహము చూచినను సముద్రమున బిందువే. అయినను తొలినాళ్లలో ఆడినవారు పదిపదునైదు గ్రహములు చూచి పెదవి విఱిచిరి. ఆకాశపు రంగు మాఱెను, మృగములకు కాళ్లు హెచ్చెను, తగ్గెను. కాని ఈ గ్రహము ఇట్లెందుకున్నదను ప్రశ్నకు గణితసూత్రము తప్ప వేఱు సమాధానము లేదు. రాబినెట్ చుక్కను రాబినెట్ దాచెను. ఈ గ్రహములను ఎవ్వరును దాచలేదు. ఆ సంస్థవారు పట్టువిడువక సంవత్సరముల తరబడి ఉచితముగా క్రొత్త అంగములను చేర్చి ఆటను బాగుచేసి జనుల మెప్పు పొందిరనుట కూడ చెప్పవలసిన సత్యమే. మెప్పు పొందిన ఆ చేర్పులు మనుష్యులు పూని కట్టినవి.

దాచుటలో నేటి మేటి హిదెతక మియజకి. ఆయన నాయకత్వమున ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2022లో వెలువరించిన ‘ఎల్డెన్ రింగ్’ కఠినమైన ఆట. ఓపిక లేనివారికి నేను సిఫారసు చేయను. కాని దానిలోని యొక స్థలమును వర్ణింపక ముందునకు పోజాలను. ఆట మొదలైన ప్రాంతమునకు తూర్పున ఎలుగుబంట్లు తిరుగు నొక పొగమంచు కమ్మిన అడవి కలదు. అందులో శిథిలమగుచున్న యొక గుండ్రని రాతికట్టడము. లోపల నేలపై నొక పలక. పలకపై నిలిచినచో అది క్రిందికి దిగును. పాతాళపు గుహ యేదో యుండునని ఆటగాడు కత్తి సవరించుకొనును. పలక దిగుచునే యుండును. గోడలు పైకి జరుగుచునే యుండును. ఇంతసేపు దిగుట ఏ ఆటలోను చూడలేదే యని అనుమానము పుట్టునంత వఱకు దిగును. అంతట తలుపు దాటి బయటికి రాగా, భూమి క్రింద ఆకాశము! కనుచూపు మేర నక్షత్రములు పొదిగిన నీలిచీకటి, దానిక్రింద స్తంభముల శిథిలములు, నది, నది యొడ్డున ఎవరో విండ్లు పట్టుకొని తిరుగు ఛాయలు. పటము విప్పి చూచినవానికి, తాను అంతవఱకు లోకమనుకొనినదానికి అడుగున మఱియొక లోకమున్నదని బోధపడును. అక్కడకు పొమ్మని ఎవ్వరును చెప్పలేదు. కథ ముగించుటకు ఆ దారిన దిగవలసిన అవసరమును లేదు. ఎందఱో ఆ కట్టడమును దూరమునుండి చూచి ప్రక్కగా పోయియుందురు. ఇంత పెద్ద లోకమును అంత చిన్న తలుపు వెనుక పెట్టి, చూడకపోయినను సరేయని ఊరకుండగలిగిన నిర్మాత ధైర్యమును మెచ్చుకొనవలెను. పెట్టుబడి పెట్టినవారు కోట్లు వ్యయమైన దృశ్యమును ఆటగానికి బలవంతముగా చూపవలెనని కోరుట సహజము గదా.

2020లో వచ్చిన ‘ఘోస్ట్ ఆఫ్ త్సుషిమ’ వేఱొక సొగసైన యుక్తి పన్నినది. దిక్కు చూపుటకు బాణములు పెట్టక, గాలిని వీవనిచ్చినది. గడ్డి ఎటు వంగుచున్నదో అటు పోవలెను. ఆ యేడే తుపానుకు నిజమైన త్సుషిమ దీవిలోని యొక పుణ్యక్షేత్రపు తోరణము కూలిపోగా, దాని పునర్నిర్మాణమునకు ఈ ఆట నాడి ఆ దీవిపై మమకారము పెంచుకొనిన దూరదేశస్థులు కూడ చందాలు పంపిరి.

ఈ కుతూహలమును ఎరగా వాడుకొనువారును లేకపోలేదు. 2020లో చైనానుండి వెలువడిన ‘గెన్షిన్ ఇంపాక్ట్’ ఫోనులలో ఉచితముగా దొరకు ఆట. కొండలెక్కుట, లోయలు వెదకుట, పెట్టెలు తెఱచుట అన్నియు చక్కగానే యుండును. కాని కొండమీద దొరకిన రత్నములతో చివరకు చేయవలసినది లాటరీ వంటి యొక పందెము వేయుట; కోరిన పాత్ర దొరకునో దొరకదో అదృష్టాధీనము; రత్నములు చాలకున్న రూపాయలతో కొనవచ్చును. డబ్బిచ్చి అదృష్టమును పరీక్షించు ఇట్టి పెట్టెలను కొన్ని ఆటలలో బెల్జియం దేశపు అధికారులు 2018లోనే జూదముగా నిర్ణయించిరి. పిల్లల చేతికి ఫోనిచ్చు తలిదండ్రులు ఆట పేరుకన్న ముందు, దానిలో డబ్బు ఎక్కడ అడుగుదురో చూచుకొనుట మంచిది. కాలము సంగతి చెప్పనక్కఱలేదు. నూఱు గంటలకును ముగియని ఆటలు పరీక్షల మాసమున మొదలుపెట్టదగినవి కావు.

ఫలమును పూర్తిగా మాని, ప్రశ్నోత్తరములతోనే ఆటను కట్టవచ్చునా యని అడిగినవారికి 2019లో వెలువడిన ‘ఔటర్ వైల్డ్స్’ను చూపవలెను. అలెక్స్ బీచమ్ అను విద్యార్థి అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పట్టము కొఱకు ఆరంభించిన రచన పెరిగి ఈ ఆట యైనది; 2020లో బ్రిటిషు అకాడెమీవారి ఉత్తమక్రీడా పురస్కారము దీనికి లభించెను. ఇందులో ఒక చిన్న సూర్యకుటుంబము, వేళ్ల మీద లెక్కింపదగిన గ్రహములు, చెక్కతో కట్టిన యొక పాత రాకెట్టు. ఇరువదిరెండు నిమిషములకు సూర్యుడు ప్రేలిపోవును, సమస్తమును భస్మమగును, ఆటగాడు మఱల మొదటి క్షణమున మేల్కొనును. ఖడ్గములు లేవు, డబ్బు లేదు, బలము పెరుగదు, తెచ్చిన వస్తువేదియు నిలువదు. గడచిన ఇరువదిరెండు నిమిషములలో తెలిసికొనినది మాత్రము నిలుచును. ఆట తుదకు చేరుటకు వలసిన సాధనములన్నియు మొదటి నిమిషమునుండియు చేతనే యుండును, తెలియకపోవుటయే అడ్డు. ఒక గ్రహమున చూచిన యొక గోడరాత మఱియొక గ్రహమునకు దారి చూపును. అక్కడ తెలిసినది మొదటి గ్రహమున చూచి యర్థముకాక విడిచినదానిని వెలిగించును. మణిసిద్ధుని కథలో ఒక కథనుండి మఱియొక కథకు దారి తెఱచుకొనునట్లు ఇక్కడ సమాధానమే ప్రశ్నగా మాఱును. ఈ ఆటకు లోపము ఒక్కటే: ఒకసారి తెలిసిన పిదప దానిని మఱల మొదటివలె ఆడుట అసాధ్యము. అందుచేతనే దీనిని ముగించినవారు, ఆడనివారెవరైన దొరకినచో వారి ప్రక్కన కూర్చుండి ఆడించి చూచుటకు తహతహలాడుచుందురు.

కావున ఈ వ్యాసము చదివి ఎవరికైన ఇట్టి ఆటలు ఆడవలెనను కోరిక కలిగినచో నా మనవి చిన్నది. తెరమీది గుఱుతులను తగ్గించుటకు ఆటలో వీలున్నయెడల తగ్గించుకొనుడు; బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో అట్టి వీలు కలదు. ఔటర్ వైల్డ్స్‌ను ఆడదలచినవారు దానిని గూర్చి యూట్యూబులో గాని, పత్రికలలో గాని, మిత్రుల నోట గాని ఇక నొక్క మాటయు వినకుడు. ఆ కారణముచేతనే దాని కథ నిక్కడ చెప్పలేదు. సూర్యుని సంగతి మొదటి అరగంటలో ఎట్లును మీకు తెలియును గనుక అంతమాత్రము చెప్పితిని.